పిలాతు గారి గుమస్తా: నా నవల పని డైరీ

జనవరి 12

యేసుకి సిలువ శిక్ష వేసిన రోమన్ అధిపతి పొంతి పిలాతు మీద నవల రాద్దామని రెండేళ్లుగా అనుకుంటున్నాను. పోయిన ఏడు ఆరు అధ్యాయాలు రాశాను కూడా. నిన్న రాత్రి కూర్చుని వరసగా చదివితే నాకే ఆవులింతలొచ్చాయి. ప్రతి అధ్యాయంలోనూ ఆయన కిటికీ దగ్గర నిలబడి, సముద్రం చూస్తూ, సత్యం అంటే ఏమిటని మథనపడుతుంటాడు. పదేళ్లు ఒక దేశాన్ని ఏలిన మనిషి అంతసేపు కిటికీ దగ్గరే ఉంటే మరి సంతకాలు ఎవరు పెట్టినట్టు?

నేను పంతొమ్మిదేళ్లుగా రెవెన్యూ ఆఫీసులో గుమస్తాగిరీ చేస్తున్నాను. నేను చూసిన అధికారులెవరూ అలా ఉండరు. వచ్చీ రాగానే టపా చూస్తారు, ఎవరో ఒకరి మీద విసుక్కుంటారు, పండగ బందోబస్తు ఎంతవరకు వచ్చిందని అడుగుతారు. రోమన్ అధికారి అనేసరికి నేను వెంటనే పాలరాతి విగ్రహాన్ని ఎందుకు ఊహించుకున్నానో తెలీదు. ఆరు అధ్యాయాలూ అటకెక్కించాను.

మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతున్నాను. ఈసారి చేత్తో చేసి చూడగలిగింది ఏదున్నా చేసి చూశాకే రాస్తాను.

జనవరి 19

గోడకి చార్టు అంటించాను. కచ్చితంగా తెలిసింది నీలం సిరాతో, నేను కల్పించేది పెన్సిలుతో.

నీలంలో పడినవి ఇవీ. యూదుల దేశమైన యూదయను రోము నేరుగా ఏలడం మొదలుపెట్టింది క్రీ.శ. 6లో. పిలాతు ఐదో అధిపతి. 26లో ఛార్జ్ తీసుకుని సుమారు పదేళ్లు ఉన్నాడు. మకాం యెరూషలేములో కాదు, కైసరయలో, అంతకుముందు అక్కడ రాజుగా ఉన్న హేరోదు సముద్రంలోకి చొచ్చుకొచ్చేలా కట్టించిన రాజభవనంలో. చేతికింద లీజియన్లు, అంటే రోము సొంత పెద్ద సైన్యాలు, లేవు. చుట్టుపక్కల ఊళ్లలో చేర్చుకున్న పటాలాలే దిక్కు. లీజియన్లన్నీ సిరియా అధిపతి దగ్గర. ఆ సిరియా అధిపతి లామియాను తిబెరి చక్రవర్తి నియమించాడు గానీ రోము దాటనివ్వలేదు. అంటే పిలాతుకి మొదటి ఐదారేళ్లు పై అధికారి పేరుకి ఉన్నాడు, మనిషి లేడు. అడగడానికి ఎవరూ లేరు, అడిగేవాళ్లూ లేరు. ఇలాంటి ఏర్పాటు ఎలా నడుస్తుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక రాయి సంగతి. 1961లో కైసరయ థియేటరు దగ్గర ఇటలీ వాళ్లు తవ్వుతుంటే దొరికిన సున్నపురాయి అది. 82 సెంటీమీటర్లు ఒకవైపు, 65 ఒకవైపు. తిబెరి పేరు మీద పిలాతు ఏదో కట్టించాడని దాని మీద లాటిన్‌లో చెక్కి ఉంది, సగం అక్షరాలు పోయాయి. తర్వాతి కాలం వాళ్లు దాన్ని ఊడబెరికి థియేటర్లో మెట్టుగా వేసుకున్నారు. మా వీధి మురుగుకాలువ మీద కూడా ఒక పాత శంకుస్థాపన ఫలకం బోర్లా పడి ఉంది. దాని మీద ఎవరి పేరుందో ఎవరికీ పట్టదు, రోజూ దాని మీదనుంచే సైకిళ్లు పోతుంటాయి.

ఆ రాయి మీద పిలాతు హోదా ప్రిఫెక్ట్ అని ఉంది. దాదాపు ఎనభై ఏళ్లకు టాసిటస్ అనే రోమన్ రచయిత చరిత్ర రాస్తూ ప్రొక్యురేటర్ అన్నాడు. అప్పటికి ఆ కుర్చీ పేరు మారిపోయింది. నేను రాయి వైపే. ఇంక్రిమెంటు ఆలస్యమైతే ఓర్చుకునే మనిషి కూడా బోర్డు మీద డిజిగ్నేషన్ తప్పు రాస్తే ఊరుకోడు.

ఫిబ్రవరి 2

కథ ఎవరు చెప్పాలో ఇవాళ తేలింది.

బేత్లెహేముకి దగ్గర్లో హేరోదు కట్టించిన కొండకోట హెరోడియం. అక్కడ 1968–69 తవ్వకాల్లో ఒక రాగి మిశ్రమం ఉంగరం దొరికింది. చాలా ఏళ్లు వందల వస్తువుల్లో ఒకటిగా పెట్టెలో పడి ఉంది. శుభ్రం చేసి, మంచి కెమెరాతో ఫొటో తీసి చూస్తే మధ్యలో ద్రాక్షారసపు పాత్ర బొమ్మ, దాని చుట్టూ గ్రీకు అక్షరాల్లో పిలాతు పేరు. 2018లో ఆ సంగతి ప్రకటించారు. అయితే అంత చవక ఉంగరం అధిపతి వేలికి పెట్టుకుంటాడా? ఆయన పేరున ముద్ర వేసే కింది ఉద్యోగి ఎవరిదో అయ్యుంటుందని పండితుల్లో కొందరి మాట.

నాకు ఆ మాట చాలు. ఉంగరం తొడుక్కున్నవాడే నా కథకుడు. పేరు పెట్టట్లేదు, ఆఫీసులో అందరూ వాణ్ణి గుమస్తా అనే పిలుస్తారు. గ్రీకు రాస్తాడు, లాటిన్ చదువుతాడు, బజారులో అక్కడి జనం భాష అరమేయిక్ మాట్లాడతాడు. అవసరమైతే దుబాసీ పని కూడా వాడి నెత్తినే. పిలాతు మనసులో ఏముందో వాడికి తెలీదు. ఆయన ఏ రోజు ఏ కాగితం పక్కన పెట్టాడో మాత్రం తెలుసు.

ఫిబ్రవరి 16

రెండో అధ్యాయం అయింది, మూడోది సగంలో ఉంది. మాట తీరు దగ్గర వారం రోజులు పోయింది. గుమస్తా పిలాతుని ఏమని పిలవాలి? దొరగారూ అంటే ఇంగ్లీషు టోపీ గుర్తొస్తుంది. ప్రభువా అంటే బైబిల్లో ఆ మాట ఇంకొకరిది. ఏలినవారు అంటే యక్షగానంలా ఉంది. చివరికి అయ్యగారు అని ఖాయం చేశాను. ఆయన భార్య అమ్మగారు. యేసు విచారణ రోజు తనకొచ్చిన కల సంగతి భర్తకి కబురు పంపిన ఆవిడకి సువార్తలో పేరు లేదు, ప్రొకులా అన్నది తర్వాత వాళ్లు పెట్టిన పేరు. ఆఫీసు వాళ్లు ఎలాగూ అమ్మగారి పేరు పలకరు కాబట్టి నాకు ఆ ఇబ్బంది తప్పింది. ఊళ్ల పేర్లు మన బైబిల్లో ఉన్నట్టే ఉంచుతున్నాను. కైసరయ, యెరూషలేము అని చిన్నప్పటినుంచి చెవులో పడ్డవాటిని మార్చి సిజేరియా అని రాస్తే చదివేవాళ్లకి ఆసుపత్రి గుర్తొస్తుంది.

మూడో అధ్యాయం గురించి రాసుకోవాలి. నవలంతటికీ తాళంచెవి ఇక్కడే దొరికిందనిపిస్తోంది.

యూదుల ప్రధాన యాజకుడి పండగ వస్త్రాలు రోమన్ల స్వాధీనంలో ఉండేవి. గుడి పక్కన ఉన్న అంతోనియా కోటలో ఒక రాతి గది, దానికి యాజకుల ముద్ర, ఖజానా వాళ్ల ముద్ర. కోట కాపలా అధికారి రోజూ అక్కడ దీపం వెలిగించాలి. పండగకి ఏడు రోజుల ముందు తీసి ఇస్తారు, శుద్ధి చేసుకుని కట్టుకుంటారు, పండగ మొదటి రోజు దాటగానే మళ్లీ తెచ్చి లోపల పెడతారు. ఇదంతా యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాసిందే.

దేవుడి ముందు నిలబడే మనిషి బట్టలు పరాయి సైనికుడి తాళం కింద! కత్తి దూయకుండా రోజూ గుర్తుచేసే అధికారం ఇది. దాని వెనకాల ఎంత రాతకోత ఉంటుందో ఆలోచించండి. ఇచ్చిన తేదీ, పుచ్చుకున్నవాడి గుర్తు, వాపసు వచ్చిన తేదీ, ముద్రలు సరిచూసినట్టు సాక్షి. పైగా ఆ దీపానికి నూనె. రోజుకింతని ఎవడో ఒకడు ఖాతా రాయాలి కదా. ఆ ఖాతా మా గుమస్తాకి అప్పజెప్పాను. నూనె ఖాతా అచ్చంగా నా కల్పన, పెన్సిలు కాలమ్. దీపం మాత్రం నీలం.

మార్చి 9

మైనపు పలక చేశాను!

పిల్లల పలకకి ఉండే చెక్క చట్రం తీసుకుని, వెనకాల సన్నటి ప్లైవుడ్ ముక్క మేకులతో బిగించాను. తేనెమైనం పావు కేజీ తేనె పట్టేవాళ్ల దగ్గర కొన్నాను. గిన్నెలో నీళ్లు మరిగించి, అందులో ఇంకో గిన్నె పెట్టి మైనం కరిగించి, మసి కలిపి నల్లగా చేశాను. మసి కోసం ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించాను, మా అమ్మ కాటుక పట్టే పద్ధతే. మైనం చట్రంలో పోసేటప్పుడు ఒక మూల ఎత్తుగా ఉండి అంతా ఇటే జారింది. మళ్లీ కరిగించి మళ్లీ పోశాను. మూడోసారికి సమంగా వచ్చింది. వంటింటి గట్టు నిండా నల్ల చుక్కలు. మా ఆవిడ ఏమీ అనలేదు, స్క్రబ్బరు తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఐదంగుళాల మేకు తీసుకెళ్లి ఒక కొస చదును చేయించాను. సూది కొసతో రాయాలి, చదును కొసతో చెరపాలి. మన తాటాకుల ఘంటానికి ఈ చదును కొస అక్కర్లేదు, తాటాకు మీద గీసింది గీసినట్టే ఉంటుంది. మైనం మీద అలా కాదు. బొటనవేలితో నొక్కి పామినా మాట పోతుంది. తెలుగు రాస్తే తలకట్లు, వట్రుసుడులు అన్నీ చీలి ముద్దయిపోయాయి, గుండ్రటి గీత మైనంలో తిరగదు. రోమన్ అక్షరాలు నిటారు గీతలు కాబట్టి చకచకా సాగాయి. మా పలకలో ఒక ముఖానికి నలభై మాటలు పట్టాయి. మా ఆవిడ గబగబా మాట్లాడుతుంటే రాసుకోడానికి ప్రయత్నించాను. నాలుగో వాక్యానికే వెనకబడ్డాను.

యేసుని విచారించిన ఆ ఉదయం పిలాతు అడిగింది, ముద్దాయి చెప్పింది, దుబాసీ మధ్యలో అందించింది, బయట జనం అరిచింది. వీటిలో గుమస్తా పలక మీద ఎన్ని పడి ఉంటాయి?

మార్చి 12

పలకని ఆఫీసులో చూపిద్దామని స్కూటర్ డిక్కీలో పెట్టాను. మధ్యాహ్నం తీస్తే రాతలో ఒక్క అక్షరం మిగల్లేదు. మైనం మెత్తబడి, చుట్టిన తువ్వాలు నేత మొత్తం దాని మీద అచ్చు పడింది. బాపట్ల ఎండ మార్చిలోనే ఇంత పని చేసింది.

టెన్షన్ పడి లాభం లేదు, దీన్నే వాడుకుంటాను. కైసరయా సముద్రం ఒడ్డునే, ఎండ తక్కువేం కాదు. కాబట్టి గుమస్తాకి ఒక అలవాటు పెట్టాను: పొద్దెక్కేలోగా పలక మీదివి పపైరస్ కాగితం మీదికి ఎక్కించెయ్యాలి. ఒక్కరోజు మాత్రం ఎక్కించడు. ఏ రోజన్నది ఇక్కడ రాయను.

మార్చి 23

ఐదో అధ్యాయం: జెండాల గొడవ. పిలాతు వచ్చిన కొత్తల్లో చక్రవర్తి బొమ్మలున్న పటాలపు గుర్తుల్ని రాత్రికి రాత్రి యెరూషలేములో పెట్టించాడు. తెల్లారి చూసుకున్న జనం కైసరయకి నడిచి వచ్చి ఆయన ఇంటి ముందు ఐదు రోజులు పడి ఉన్నారు. ఆరో రోజు స్టేడియానికి పిలిపించి, సైనికులతో చుట్టుముట్టించి, చంపేస్తానంటే మెడలు చాచి నేలకొరిగారు. ఆయనే వెనక్కి తగ్గాడు.

జోసెఫస్ దీన్ని వీరగాథలా చెప్పాడు. నేను ఐదు రోజుల ధర్నాని ఆఫీసు లోపలినుంచి రాశాను. మొదటి రోజు పట్టించుకోరు. రెండో రోజు వెనక గేటు వాడతారు. మూడో రోజు ఎవరో నీళ్లు ఇవ్వమంటారు, ఇవ్వొద్దని ఇంకొకరంటారు. నాలుగో రోజు లోపలివాళ్లు మాట్లాడుకునేటప్పుడు గొంతు తగ్గిస్తారు. నవల మొత్తంలో ఇప్పటికి నాకు నచ్చిన అధ్యాయం ఇదే.

తర్వాత పిలాతు యెరూషలేములో పెట్టించిన బంగారు పూత డాళ్ల గొడవలో యూదు పెద్దలు నేరుగా తిబెరికే ఉత్తరం రాశారు. చక్రవర్తి చీవాట్లు పెట్టి, వాటిని కైసరయకి మార్పించాడు. రోముకి మనుషులు వెళ్తే తన లంచాలూ, విచారణ లేకుండా చంపించినవీ అన్నీ బయటపడతాయని పిలాతు భయపడ్డాడని అలెగ్జాండ్రియాలో ఉండే యూదు రచయిత ఫిలో రాశాడు. ఫిలోకి ఆయనంటే పడదు, కొంత తగ్గించి చదవాలి. అయినా, ఒకసారి పైకి పిటిషన్ వెళ్లి మెమో తిన్న అధికారి ఆ తర్వాత జనం గుంపుని చూసే చూపు వేరు. యేసు విచారణలో జనం వేసిన ‘వీణ్ణి వదిలితే నువ్వు కైసరుకి (చక్రవర్తికి) స్నేహితుడివి కావు’ అన్న కేక ఆ చెవిలో ఎలా పడి ఉంటుందో రాయాలంటే ముందు ఈ డాళ్ల అధ్యాయం ఉండాల్సిందే. అయితే డాళ్ల గొడవ ఏ ఏడు జరిగిందన్న దాని మీద పండితులకి పేచీ ఉంది. నేను విచారణకి ముందు పెట్టుకున్నాను. పెన్సిలు కాలమ్.

మా అమ్మాయి అట్ట మీద పిలాతు వేయించిన రాగి నాణెం బొమ్మ గీసిచ్చింది. ఒకవైపు రోమన్ శకునగాళ్లు పట్టుకునే వంకీకర్ర, రెండోవైపు ఆకుల దండ మధ్యలో తిబెరి ఏలుబడి సంవత్సరం. "నాన్నా, ఇది మన దగ్గరికి వచ్చిందా?" అని అడిగింది. ఇది రాలేదమ్మా, కానీ అదే తిబెరి బొమ్మ ఉన్న వెండి నాణేలు, దేనారాలు, నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో కుప్పగా దొరికాయని చెప్పాను. వెండి ఇంత దూరం వచ్చింది, రాగి బజారు దాటలేదు. ఇది నవల్లో పెట్టను, పెడితే పాండిత్యం చూపించినట్టుంటుంది.

ఏప్రిల్ 6

తప్పు దొరికింది. యేసు విచారణ అంతోనియా కోటలో జరిగినట్టు పద్దెనిమిది పేజీలు రాశాను. అక్కడ యాత్రికులకి చూపించే రాళ్లు పరిచిన నేల తర్వాతి శతాబ్దానిదని తేల్చారు. యెరూషలేముకి క్యాంపు వచ్చినప్పుడు అధిపతులు దిగేది ఊరికి పడమటి వైపున్న హేరోదు భవనంలో అనే ఇప్పుడు ఎక్కువమంది మాట. న్యాయపీఠం అటు మార్చాను. అంతోనియాలో దీపం, బట్టలు మిగిలాయి. దీనివల్ల గుమస్తా పండగ పొద్దున్నే ఊరికి ఆ కొసనుంచి ఈ కొసకి పరుగెత్తాల్సి వచ్చింది, అది బాగానే కుదిరింది.

ఏప్రిల్ 13

ఈ ఆదివారం చెక్క మీద పోయింది.

సిలువ మీద కొట్టిన పలక హెబ్రీ, లాటిన్, గ్రీకు మూడు భాషల్లో రాశారని యోహాను సువార్త. రాయించింది పిలాతు. రాసింది ఎవరు? ఇంకెవరు, మా వాడే.

వడ్రంగి ఆచారి గారి దగ్గర రెండడుగుల చెక్క తీసుకున్నాను. "దేనికి బాబూ, ఇంటి పేరు బోర్డుకా?" అన్నారు. అవునన్నాను. సున్నంలో తుమ్మబంక కలిపి రెండు పూతలు వేశాను. ఒక్కో పూత ఆరడానికి ఎండలో కూడా అరగంట పైన పట్టింది. మసి, తుమ్మబంక, నీళ్లు నూరి సిరా చేసుకుని కుంచెతో మొదలుపెట్టాను. నాకు ఈ భాషలు రావు, అచ్చు చూసి దింపుకోవడమే. ‘నజరేయుడైన యేసు యూదుల రాజు’ అనడానికి లాటిన్‌లో 26 అక్షరాలు, గ్రీకులో 36. లాటిన్ వరస దర్జాగా రాసేసి, గ్రీకు కూడా అదే సైజులో ఎత్తుకున్నాను. చివరి మాటకొచ్చేసరికి చెక్క అయిపోయింది. ఆఖరి అక్షరాలు బస్సులో ముగ్గురి సీట్లో ఐదుగురు కూర్చున్నట్టు ఇరుక్కున్నాయి. హెబ్రీ కుడినుంచి రాయాలి, చెయ్యి తడి సిరా మీద పడి ‘రాజు’ దగ్గర మరక. మొత్తం యాభై నిమిషాలు.

అప్పుడు అసలు పరీక్ష. ప్రధాన యాజకులు వచ్చి, యూదుల రాజు అని కాదు, ‘నేను యూదుల రాజునని వాడు చెప్పాడు’ అని రాయమన్నారు కదా. మార్చి చూద్దామని తడిగుడ్డతో తుడిచాను. సిరాతోపాటు సున్నం కూడా లేచొచ్చింది. మాట మార్చాలంటే చెక్క మొత్తం గీకి, పూత వేసి, ఆరబెట్టి, మూడు భాషలూ మళ్లీ రాయాలి. అప్పటికే శిక్ష పడ్డవాళ్లు దారిలో ఉన్నారు.

‘నేను రాసిందేదో రాశాను’ అన్న పిలాతు మాటని నేనిన్నాళ్లూ పౌరుషంగా చదివాను. పొద్దుటినుంచి వాళ్లు చెప్పినట్టల్లా ఆడినవాడు ఇక్కడ ఒక్కచోట మొండికేశాడని. అదీ ఉంది. కానీ ఇవాళ మోకాళ్ల దాకా సున్నపు నీళ్లతో కూర్చున్నాక నేను ఆయన్ని కాక పక్కన కుంచె పట్టుకుని నిలబడ్డ మనిషిని చూశాను. యాజకులు అడిగినప్పుడు వాడు తలెత్తకుండా ‘అయ్యగారూ, ఆరిపోయింది’ అంటాడు. పిలాతు ఒకసారి చెక్క వంక, ఒకసారి వాడి చేతుల వంక చూసి, ఆ మాట అంటాడు. అధ్యాయం ఒక్క బిగిన వచ్చేసింది, తొమ్మిది పేజీలు.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

ఏడు మాటల ఆరాధన అయ్యి ఇంటికొచ్చేసరికి నాలుగైంది. వరండాలో ఆరబెట్టిన చెక్క చూసి అమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కాసేపటికి, "ఏరా, ఆ చేతులు కడుక్కున్నవాడి మీద ఇంత పుస్తకమా?" అంది.

"ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణంలో ఆయన పేరు చెప్పేది నువ్వే కదమ్మా. పొంతి పిలాతు కాలమందు అని."

"చెప్తాను. ఆయన్ని తలుచుకోడానికా? ఎప్పుడు జరిగిందో చెప్పడానికి. ఉప్పెనొచ్చిన ఏడు అన్నట్టు."

మా అమ్మకి 1977 ఉప్పెనే శకం. నేను పుట్టింది, పెదనాన్న పోయింది, ఇల్లు కట్టింది అన్నీ దానికి ముందు ఇన్నేళ్లు, తర్వాత ఇన్నేళ్లు. ఆవిడ మాట ఉన్నదున్నట్టు చార్టు మీద రాసి పెట్టాను. ఏ రంగుతో రాయాలో తెలీక ఎర్ర పెన్ను వాడాను.

చెక్క మాత్రం లోపల పెట్టమంది. పెట్టాను.

మే 25

పద్నాలుగు అధ్యాయాలు, 231 చేతిరాత పేజీలు. ఆఖరి అధ్యాయం నిన్న అయింది.

నీలం కాలమ్‌లో ముగింపు ఇలా ఉంది. యూదుల పొరుగువాళ్లైన సమరయులు తమ పవిత్రమైన గెరిజీము కొండ దగ్గర పోగైతే వాళ్ల మీద పిలాతు పటాలాన్ని దింపి చంపించాడు. ఆ ఫిర్యాదు సిరియాకి వెళ్లింది. ఈసారి అక్కడ పై అధికారి నిజంగానే ఉన్నాడు, వితెల్లియు. వచ్చి సంజాయిషీ రోములోనే చెప్పుకోమని పిలాతుని పంపేశాడు, మార్సెల్లు అనే తన స్నేహితుడికి ఛార్జ్ ఇప్పించాడు. పిలాతు రోము చేరేలోపే, 37 మార్చిలో, తిబెరి చచ్చిపోయాడు. ఆ తర్వాత ఆయనేమయ్యాడన్నదంతా పుక్కిటి పురాణాలే. నేను వాటి జోలికి పోలేదు, గుమస్తా కైసరయ రేవులో ఓడ కనుమరుగయ్యే దాకా కూడా నిలబడడు. ఆఫీసులో కొత్తాయన వస్తున్నాడు, బీరువాల లిస్టు రాయాలి.

ఉంగరం ఏం చెయ్యాలన్న దాని మీద మూడు రాత్రులు పోయాయి. సముద్రంలోకి విసిరించాను, సినిమాలా ఉందని కొట్టేశాను. కొత్తాయనకి అప్పగించాను, అందులో పాత అయ్యగారి పేరుంది, ఆయనకెందుకు? చివరికి హెరోడియంకి ఏదో పని మీద వెళ్లినప్పుడు వేలు వదులై ఎక్కడో జారిపోతుంది. వాడు రెండు రోజుల తర్వాత గానీ చూసుకోడు.

వితెల్లియు పస్కా పండక్కి యెరూషలేము వచ్చినప్పుడు ప్రధాన యాజకుడి వస్త్రాల్ని గుడికే ఇచ్చేశాడు. అంతోనియాలో ఇక ఆ గదికి కాపలా లేదు. గుమస్తా ఆ సాయంత్రం నూనె ఖాతా తీస్తాడు. మిగిలిన నూనె ఎంతో కొలిపిస్తాడు, వంటశాలకి జమ రాస్తాడు, కింద గీత గీస్తాడు. ముద్ర వెయ్యబోయి వేలు తడుముకుంటాడు. కొత్త ఉంగరం ఇంకా రాలేదు. ముద్ర లేకుండానే కాగితం చుట్టి మిగతావాటి మీద పెట్టేస్తాడు.

రేపటినుంచి సాపు ప్రతి. మొదటి అధ్యాయంలో కిటికీ ఇంకా ఒకటుంది, ముందు దాన్ని తీసెయ్యాలి.